భ్రమరకీటక న్యాయంలో భ్రమరం తుమ్మెదేనా?

రాయదుర్గం నుంచి: తుమ్మెద ఒక పురుగును తెచ్చి గూట్లో పెట్టి ఝుమ్మంటూ తిరుగుతుంటే, భయంతో దాన్నే తలుచుకుని తలుచుకుని పురుగు కూడా తుమ్మెదైపోతుందని ఈ న్యాయం. తుమ్మెద పురుగును పట్టడం ఎవరైనా చూశారా?

కర్నూలు నుంచి: తుమ్మెద కాదన్నా, కందిరీగ. మా మిద్దె దంతెలకు వేలాడే తుట్టెలో తెల్ల పురుగులు కనిపిస్తూనే ఉంటాయి.

ప్రొద్దుటూరు నుంచి: తుమ్మెద కాదన్నది ఒప్పుకుంటా. మకరందం, పుప్పొడి తినే జీవికి పురుగుతో పనేముంది? కానీ తుట్టె కందిరీగ కూడా కాదు. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత చెప్పిన 24 మంది గురువుల్లో చివరిది ఇదే: ‘కీటః పేశస్కృతం ధ్యాయన్ కుడ్యాం తేన ప్రవేశితః’. గోడ గూట్లోకి చేర్చిన పురుగు, తనను చేర్చిన జీవినే ధ్యానిస్తూ అని అర్థం. కుడ్యం అంటే గోడ కదా, అక్కడున్నది గోడ మాట.

తుట్టె కందిరీగకు గోడ ఎక్కడిది? ఎండు కట్టెను గీకి, లాలాజలంతో నమిలి, కాగితం లాంటి గదులు కడుతుంది. తుట్టంతా సన్నని కాడకు వేలాడుతుంది. చీమలు రాకుండా ఆ కాడకు తన ఒంట్లోంచి వచ్చే పదార్థాన్ని పూస్తుంది. గదుల నోళ్లు కిందికి తెరిచే ఉంటాయి. గొంగళిపురుగు దొరికితే నమిలి ముద్ద చేసి తెచ్చి పిల్లల నోటికి పెడుతుంది. అన్నా, మీకు కనిపించే తెల్ల పురుగులు దాని సొంత పిల్లలే.

న్యాయానికి సరిపోయేది మట్టిగూడు కట్టే కందిరీగ. తడిమట్టి ఉండ తెచ్చి గోడకు అద్దుతూ సన్నగా రొద చేస్తుంది. పచ్చ పురుగును కుట్టి, చంపకుండా, మెదలకుండా చేసి, గుడ్డు పెట్టిన గదిలోకి తోసి మూతేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగునే తిని పెరిగి, చివరికి మట్టిని తొలుచుకుని బయటికొస్తుంది. చూసేవాళ్లకు లోపలికి పోయింది పురుగు, వచ్చింది కందిరీగ! పాపం, ఆ పురుగుకు ధ్యానం చేసే తీరికెక్కడిది.

కర్నూలు నుంచి: అంటే న్యాయమే తప్పంటారా?

ప్రొద్దుటూరు నుంచి: అది మనసు గురించి చెప్పిన మాట, దానికేం ఢోకా లేదు. పురుగు సంగతి మాత్రం సైన్సు టీచర్‌కు వదిలేయండి.

రాయదుర్గం నుంచి: కన్నడంలో కందిరీగను కణజ అంటారు. ధాన్యం గాదెకూ అదే మాట. వ్యుత్పత్తి అనడం లేదు, సరదాకే: పురుగుల్ని పేర్చి మూతేసే ఈగకు గాదె పేరు భలే కుదిరింది.