నరాల పరీక్ష నార్మల్ అన్నాక మళ్లీ షాకులెందుకు?

ప్రశ్న (రాజోలు నుంచి ఒక తండ్రి)

మా అబ్బాయికి 14 ఏళ్లు. కూర్చున్నవాడు లేస్తే నాలుగడుగులు వేసేవరకు కాళ్లు కొయ్యబారిపోతాయి, ఆ తర్వాత మామూలుగానే పరిగెత్తుతాడు. మొన్న సఖినేటిపల్లి రేవులో పంటు కదిలిపోతోందని ఒక్కసారిగా పరుగు తీయబోయి, నిలువునా బోర్లా పడ్డాడు. గొళ్లెం పట్టుకుంటే వేళ్లు వెంటనే విడిపోవు. మాది మేనరికం. కాకినాడలో చిన్న కరెంటు షాకులిచ్చి చేసిన నరాల పరీక్ష నార్మల్ అని వచ్చింది. సూది పరీక్షలో మాత్రం కండరంలో తేడా కనిపించిందని, చేతికి కాసేపు పని చెప్పి మళ్లీ షాకులిచ్చి చూడాలని డాక్టరు గారు అంటున్నారు. నేరుగా జన్యు పరీక్షకు వెళ్లకూడదా?

జవాబు 1 (న్యూరో ల్యాబ్ టెక్నీషియన్)

అయ్యా, మొదటి పరీక్ష అడిగింది నరం ఎలా ఉందని. ఇప్పటి పరీక్షలో నరం కేవలం తలుపు తట్టడానికే, జవాబు చెప్పవలసింది కండరం. మణికట్టు దగ్గర నరానికి షాకిచ్చి, చిటికెన వేలి కండరంలో లేచే విద్యుత్ తరంగం ఎత్తును కొలుస్తాము. ఆపై ఆ వేలిని పది పన్నెండు సెకన్లు గట్టిగా బిగించమని, వదలగానే పది సెకన్లకొకసారి చొప్పున ఒక నిమిషం పాటు మళ్లీ కొలుస్తాము. మీరు చెప్పిన లక్షణాలు మయోటోనియాను, అంటే బిగిసిన కండరం వెంటనే సడలని జబ్బును, తలపిస్తున్నాయి. మేనరికపు కుటుంబాల్లో ఎక్కువగా ఎదురయ్యే అంతర్గత రకంలో (తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే బయటపడేది) బిగించిన వెంటనే తరంగం కుంగి, నిమిషం లోపే కోలుకుంటుంది, రెండోసారి మూడోసారి బిగించినప్పుడు అంతగా కుంగదు. దీనికి దగ్గరి జబ్బైన పారామయోటోనియాలో తీరు తిరగబడుతుంది: బిగించినకొద్దీ, చెయ్యి చల్లబడినకొద్దీ ఎక్కువ కుంగుతుంది. మొదటి తీరు క్లోరైడ్ నాళిక (కండర కణం పొరలో ఆ లవణ కణాలు వెళ్లే దారి) జన్యువైన సీఎల్‌సీఎన్1 వైపు, రెండోది సోడియం నాళిక జన్యువైన ఎస్‌సీఎన్4ఏ వైపు చూపుతుంది. జన్యు పరీక్ష అవసరమే. అయితే అందులో అర్థం తేలని మార్పు వచ్చినప్పుడు దానిని నమ్మాలో లేదో చెప్పడానికి ఈ కొలతలే ఆసరా.

జవాబు 2 (అమలాపురం)

నాకు ఇదే జబ్బు; ఇదే పరీక్ష చేశారు. షాకు చురుక్కుమంటుంది గాని భరించలేనిది కాదు. సూది పెట్టినప్పుడు, కండరంలోని విద్యుత్తును చప్పుడుగా వినిపించే స్పీకరులోంచి మోటారు సైకిలు యాక్సిలరేటరు తిప్పి వదిలినట్టు మోత ఎగసి తగ్గింది, పక్కనున్న మా అమ్మ జడుసుకుంది. ఏసీ గదిలో చెయ్యి చల్లబడితే ఫలితం మారవచ్చు కనుక, నా చేతిని ముందు గోరువెచ్చని నీళ్లలో ఉంచారు. ఎప్పుడైనా ఆపరేషను అవసరమైతే ఈ సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. ఆపరేషనులో కండరాలను సడలించడానికి వాడే సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తే దవడతో సహా ఒళ్లంతా బిగుసుకుపోవచ్చు.

జవాబు 3 (తణుకు)

మా మేనల్లుడికి డుషేన్ డిస్ట్రోఫీ (కండరాలు క్రమంగా క్షీణించే జన్యు జబ్బు) అని అనుమానం. వాడికీ ఈ పరీక్ష చేయించాలా?

జవాబు 1 నుంచి

అక్కర్లేదండీ. రక్తంలో సీకే (కండరం దెబ్బతింటే రక్తంలోకి కారే ఎంజైము) ఎన్నో రెట్లు పెరిగి ఉంటే, ఈ జబ్బుకు మూలమైన డిస్ట్రోఫిన్ జన్యువులో ముక్క ఎగిరిపోయిందేమో ముందు చూస్తారు. అది దొరకకపోతే జన్యువు మొత్తం చదివిస్తారు. అక్కడ షాకులతో పిల్లవాణ్ణి ఏడిపించి తెలుసుకునేది దాదాపు ఏమీ ఉండదు.