దాళ్వా కోతల్లో మిల్లు నుసి, నాన్నకి కోవిడ్... సంబంధం ఉంటుందా?

పాలకొల్లు_కుర్రోడు:
మాది పాలకొల్లు పక్కన పల్లెటూరండి, ఇంటి వెనక రోడ్డు దాటితే రైస్ మిల్లు. 2021 ఏప్రిల్‌లో నాన్నకి కోవిడ్ వచ్చింది, ఆస్తమా ఎప్పట్నుంచో ఉంది, ఆక్సిజన్ 86కి పడిపోయి పదకొండు రోజులు మంచం మీదే. సరిగ్గా అప్పుడే దాళ్వా కోతలు, మిల్లు రాత్రీపగలూ ఆడింది, అమ్మ పొద్దున్నే గచ్చు కడిగితే మధ్యాహ్నానికి పాదం ముద్ర పడేంత నుసి, ఆరేసిన పంచె నిండా మసి చారలు. మిల్లువాళ్లని అడిగితే "కరోనా టైంలో చెకింగ్‌కి ఎవడొస్తాడండీ" అన్నారు. మొన్న అమెరికా నుంచి మా బావ ఫోన్ చేసి అక్కడ కూడా 2020లో పొల్యూషన్ రూల్స్ వదులు చేశారన్నాడు. నిజమేనా? లేక నేనే ఊరికే మిల్లు మీద పడి ఏడుస్తున్నానా?

ఊపిరితిత్తుల_వార్డు_సిస్టర్:
మీ బావ చెప్పింది నిజమే తమ్ముడూ. 2020 మార్చి 26న అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ ఒక మెమో ఇచ్చింది, కోవిడ్ వల్ల మానిటరింగ్, రిపోర్టింగ్ చెయ్యలేకపోతే ఫైన్లు అడగం అని, మార్చి 13 నుంచే వర్తించేలా, ఆగస్టు 31తో తీసేశారు. ఎక్కువ పొగ వదలమని ఎక్కడా రాయలేదు, కొలవకపోయినా పర్లేదన్నారంతే, పరీక్ష హాల్లోంచి ఇన్విజిలేటర్ లేచి వెళ్లిపోయినట్టు. తర్వాత లెక్కలు తీస్తే విషరసాయనాలు వదిలే ఫ్యాక్టరీలు ఎక్కువున్న కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) పొల్యూషనూ పెరిగింది, కోవిడ్ చావులూ పెరిగాయి. హార్వర్డ్ వాళ్ల స్టడీలో ఏళ్ల తరబడి పీల్చే గాలిలో పీఎం 2.5, అంటే కంటికి కనపడనంత సన్న నుసి, ఘనపు మీటరుకి ఒక్క మైక్రోగ్రాము ఎక్కువుంటే కోవిడ్ మరణాల రేటు 11% ఎక్కువ కనిపించింది. అయితే అవి జిల్లా సగటుల్లాంటి లెక్కలు, మీ నాన్నగారి ఒక్కరి విషయంలో ఇదే కారణమని ఏ డాక్టరూ చెప్పలేడు. ఇంకోటి, పంచె మీద కనపడే నుసి చాలామటుకు ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది, కంటికి కనపడనిదే లోపల గాలితిత్తుల దాకా పోయి వాపు తెస్తుంది, ఆస్తమా ఉన్నోళ్లకి అది మరీ కష్టం.

మిల్లు_గుమాస్తా:
ఆయ్, అంతా మా నెత్తినే రుద్దెయ్యకండి. మిషన్ కోత అయ్యాక చేలల్లో గడ్డి తగలబెట్టిందెవరు, మీ ఊరోళ్లు కాదా? లాక్‌డౌన్‌లో గాలి బాగుపడిందని టీవీలో ఊదరగొట్టారు కూడా. కానీ ఒక మాట ఒప్పుకుంటా, మా మిల్లులో బాయిలర్ దగ్గర నుసి పట్టే బ్యాగులు చిరిగిపోయి మూడు నెలలున్నాయి, ఫ్యాన్ తిప్పితే కరెంటు బిల్లని రాత్రిళ్లు ఆపేసేవాళ్లు. అడిగే నాథుడు లేడుగా.

అమలాపురం_అక్క:
గాలి బాగుపడింది బళ్లూ బస్సులూ ఆగి బాబూ, మీ ఊక బాయిలర్ ఆగి కాదు. గడ్డి పొగ తప్పే, కాదనను, కానీ అది నాలుగైదు రోజులు, మిల్లు సీజనంతా. కుర్రోడా, 1981 ఎయిర్ యాక్ట్ కింద మిల్లుకిచ్చిన పర్మిషన్‌లో షరతులుంటాయి, ఆ కాగితం పొల్యూషన్ బోర్డు నుంచి ఆర్టీఐలో తీసుకో. నుసి ఫొటోలు తేదీలతో దాచు, నోటిమాటకి ఎవరూ లేవరు.

పాలకొల్లు_కుర్రోడు:
థ్యాంక్సండీ అందరికీ. నాన్నకి చదివి వినిపించా, గడ్డి మన చేలో కూడా తగలెట్టాంగా అన్నాడు, నిజమే. గుమాస్తా గారూ, రాత్రి ఆ ఫ్యాను ఎన్నింటికి ఆపుతారో కాస్త చెప్తారా, వీడియోకి మేడెక్కాలి.