అప్‌డేట్: పాయింట్ 32 పిస్టలా, రివాల్వరా అని అడిగాను కదా

గుంటూరు మిర్చి యార్డు నుంచి నగదుతో రాత్రిళ్లు తిరగాల్సి వస్తోంది, రోజూ వెంట ఉంచుకోవడానికి చిన్న తుపాకీ ఏది మంచిది, పాయింట్ 32 (గొట్టం లోపలి వెడల్పు సుమారు 0.32 అంగుళం) పిస్టలా, రివాల్వరా అని అప్పట్లో అడిగాను. కలెక్టరు గారి దగ్గర్నుంచి లైసెన్సు వచ్చింది. సమాధానాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలండి.

కొందరు 9 ఎం.ఎం. చెప్పారు. అది మనలాంటివాళ్లకు కుదరదు, ప్రొహిబిటెడ్ బోర్ (మామూలు పౌరులకు లైసెన్సు ఇవ్వని తూటా సైజు) కిందికి వస్తుంది. అందుకే పాయింట్ 32 లోనే చూశాను. ముందు నా మనసు మన దేశంలోనే తయారయ్యే అశని అనే పాయింట్ 32 పిస్టల్ మీదే ఉండేది. బల్లపరుపుగా ఉంటుంది, చొక్కా కింద కనిపించదు. కానీ డీలరు దగ్గర ఖాళీ పిస్టల్ స్లైడు (మొదటి తూటా గొట్టంలోకి ఎక్కాలంటే వెనక్కి లాగాల్సిన పైభాగం) లాగి చూశాను. చెమట చేతులతో రెండుసార్లు జారింది. మన ఊరి ఎండల్లో చేతులు ఎప్పుడూ అలాగే ఉంటాయి కదా! ఆ టెన్షన్ సమయంలో అలా జారితే? రివాల్వర్‌కు అలా లాగే పని ఉండదు, అందుకే కాన్పూరులో తయారయ్యే పాయింట్ 32 నిర్భీక్ రివాల్వర్ తీసుకున్నాను. బరువు సుమారు 500 గ్రాములు, ఆరు తూటాలు. సిలిండరు (తూటాలుండే గుండ్రటి భాగం) లావు వల్ల నడుము దగ్గర కొంచెం ఉబ్బుగా ఉంటుంది, వదులు చొక్కా వేస్తున్నాను.

అసలు తేడా తెచ్చింది హోల్‌స్టర్, అంటే నడుముకు కట్టుకునే తుపాకీ ఒర. మొదట కొన్న గుడ్డది బండి ఎక్కితే పక్కకు తిరిగిపోయేది. ఇప్పుడు ట్రిగ్గరు పూర్తిగా కప్పే తోలుది, గట్టి బెల్టుతో వాడుతున్నాను. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం బయట తిరిగేటప్పుడు తుపాకీ పూర్తిగా కప్పి ఉండాలి కూడా.

ఇంట్లో చిన్నపిల్లలున్నారు. గుమ్మం దాటి లోపలికి రాగానే తూటాలు తీసి, రివాల్వర్ ఒక లాకర్లో, తూటాలు వేరే లాకర్లో పెడుతున్నాను. తాళాలు నా దగ్గరే ఉంటాయి. నగదు కూడా బాగా తగ్గించేశాను, ఎక్కువ భాగం బ్యాంకులోనే వేయించుకుంటున్నాను.