‘ట్రై అగైన్’ అన్నది ఎవరితో?

ప్రశ్న:
పెద్దలకు నమస్కారం. మా కార్యాలయంలో లినక్స్ కంప్యూటరు మీద పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ నడుస్తోంది. దాని లాగ్‌లో, అంటే జరిగిన పనులను అది రాసుకునే చిట్టాలో, తరచుగా కనిపించే వాక్యాలకు తెలుగు అర్థాలు రాసిపెట్టే పని నాకు అప్పగించారు. వాటిలో ‘హోస్ట్ నాట్ ఫౌండ్, ట్రై అగైన్’ అన్నదానికి ‘ఆతిథేయి కనబడలేదు, మళ్ళీ ప్రయత్నించండి’ అని రాశాను. పాత మోడెం తీసి కొత్త యూఎస్‌బీ మోడెం పెట్టిన రోజున లాగ్ నిండా ఈ వాక్యమే వచ్చింది. నా కాగితం చూసిన సహోద్యోగి ఒకరు, ప్రయత్నించమన్నది తననే అనుకుని, ఒకే ఉత్తరాన్ని నాలుగుసార్లు పంపారు. లోపం సరిచేయగానే నాలుగూ అవతలివారికి చేరాయి. నా అనువాదంలో తప్పు ఎక్కడుందో చెప్పగలరా?

జవాబు:
తప్పంతా ‘ప్రయత్నించండి’లోని ‘అండి’లో ఉంది. తెలుగులో ‘ప్రయత్నించు’ అన్నా ‘ప్రయత్నించండి’ అన్నా ఎదుట ఒక మనిషి ఉండవలసిందే. లాగ్‌లోని ఆ వాక్యం మనిషికి చెప్పిన సలహా కాదు. ఫలానా డొమైనుకు వచ్చే మెయిల్‌ను ఏ సర్వర్‌కు అందించాలో చెప్పవలసిన డీఎన్‌ఎస్ నుంచి ఉందనీ లేదనీ ఏ జవాబూ రాలేదని, కనుక ఈ వైఫల్యం తాత్కాలికమని మాత్రమే దాని అర్థం. మళ్ళీ ప్రయత్నించేది పోస్ట్‌ఫిక్సే. కాబట్టి ‘సర్వర్ ఆచూకీ ఇప్పటికి తెలియలేదు’ అనవచ్చు. దీర్ఘం పడకుండా చూసుకోండి. ‘ఇప్పటికీ తెలియలేదు’ అంటే విసుగు ధ్వనిస్తుంది. ‘ఆతిథేయి’ని మాత్రం దయచేసి విందు భోజనాలకే వదిలేయండి.

అదే వరుసలో ‘డిఫర్డ్’ అని కూడా ఉంటుంది. దానికి ‘వాయిదా పడింది’ కన్నా మంచి మాట నాకు తోచడం లేదు, ఎందుకంటే కోర్టు వాయిదాకు తేదీ ఉన్నట్లే దీనికీ గడువు ఉంది. మనం వేరే అమరిక చేయకపోతే, పోస్ట్‌ఫిక్స్ మొదట 300 సెకన్లకు, పోనుపోను ఎడం పెంచుతూ 4000 సెకన్ల వరకు ఆగి, ఆ ఉత్తరాన్ని మళ్ళీ మళ్ళీ పంపి చూస్తుంది; 5 రోజులైనా పోకపోతే పంపినవారికే తిప్పి పంపుతుంది. ఈ చివరిదాన్ని, అంటే ‘బౌన్స్‌డ్’ను, ‘తిరుగుటపా’ అనడం సరికాదు. తిరుగుటపాలో వచ్చేది అవతలివారి జవాబు. ఇక్కడ వెనక్కి వచ్చేది మనం రాసినదే. ‘వాపసు వచ్చింది’ అంటే సందేహం ఉండదు.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. లోపం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అందులోనూ ఒక మాట చిక్కు ఉంది. ఆ రోజు బ్రౌజర్ బాగానే పనిచేసింది, మెయిల్ మాత్రమే కదలలేదు. మా యంత్రంలో పోస్ట్‌ఫిక్స్‌కు క్రూట్ అనే కట్టుదిట్టం (ప్రోగ్రాము తనకిచ్చిన ఫోల్డరు దాటి చూడకుండా చేసే ఏర్పాటు) ఉండడం వల్ల, అది డీఎన్‌ఎస్ చిరునామాలుండే ‘రిజాల్వ్ డాట్ కాన్ఫ్’ దస్త్రానికి తన గదిలో దాచుకున్న నకలునే చూస్తుంది. కొత్త మోడెం అసలు దస్త్రాన్ని మార్చింది గాని, నకలులో పాత చిరునామాలే మిగిలిపోయాయి. నకలు మార్చి పోస్ట్‌ఫిక్స్‌ను మళ్ళీ మొదలుపెట్టి, ‘పోస్ట్‌క్యూ’ ఆదేశంతో ఆగిన ఉత్తరాలను కదిలించాము. అందరూ ‘మోడెం చెడిపోయింది’ అన్నారు. నిజానికి చెడినది ఏదీ లేదు, రెండు దస్త్రాలకు పొత్తు కుదరలేదు, అంతే. అందుకని ‘మిస్‌కాన్ఫిగర్డ్’కు ‘అమరిక కుదరలేదు’ అని రాద్దామనుకుంటున్నాను.

జవాబు:
బాగుంది. ‘తప్పుగా ఆకృతీకరించబడినది’ అని రాయనందుకు సంతోషం.

ప్రశ్న అడిగినవారు:
కాగితం దిద్దాను: ‘సర్వర్ ఆచూకీ ఇప్పటికి తెలియలేదు, ఉత్తరం వాయిదా పడింది.’ దాని కింద, లాగ్‌లో లేకపోయినా, ‘మీరు మళ్ళీ పంపనక్కరలేదు’ అని కూడా చేర్చాను.