బాస్కెట్‌బాల్ ఫాస్ట్ బ్రేక్‌లో వింగ్ (పక్క నుంచి పరిగెత్తేవాడు) ఎటు పరిగెత్తాలి: రింగ్‌కా, కార్నర్‌కా?

మూలరాజు:
ఆదివారం ఆటలో గొడవైంది. ఫాస్ట్ బ్రేక్, అంటే డిఫెన్స్ సర్దుకునేలోపే ముగ్గురం ఇద్దరి మీదికి దూసుకెళ్తున్నాం. నేను కార్నర్‌కి, మూడు పాయింట్ల గీత బయటికి వెళ్లి నిలబడ్డా. "రింగ్‌కి రావేంట్రా" అని తిట్లు. తప్పెవరిది?

సిమెంట్‌కోర్టు:
నీదే. లేఅప్ (రింగ్ దగ్గరికెళ్లి వేసే తేలిక షాట్) చేతిలో ఉండగా మూడు పాయింట్లకి ఆశపడటం దేనికి? మా కోచ్ సైడ్‌లైన్ వెంట పరిగెత్తించి, ఫ్రీ త్రో లైన్ దాకా రాగానే రింగ్ వైపు తిరగమనేవాడు.

మూలరాజు:
అందరం రింగ్ కిందకే వస్తే ఆ ఇద్దరు డిఫెండర్లు అడుగు కదపక్కర్లేదన్నా. నేను కార్నర్‌లో ఉంటే ఒకడు నా మీదికి రావాలి, లేదంటే షాట్ నాదే. అమెరికా లీగ్ ఎన్‌బీఏలో 2004-05 ఫీనిక్స్ సన్స్ చూడు. మధ్యలో బంతితో నాష్, రింగ్‌కి స్టౌడమైర్, ఆర్క్ (మూడు పాయింట్ల గీత) బయట జో జాన్సన్, రిచర్డ్‌సన్. ముందు ఏడాది 29 మ్యాచ్‌లే గెలిచిన జట్టు 62 గెలిచింది.

సిమెంట్‌కోర్టు:
కప్పు గెలిచిందా?

బెంచ్‌మేట్:
మళ్లీ మొదలు.

మూలరాజు:
లేఅప్ చేతిలో ఉన్నట్టే అంటావా? 2016 ఎన్‌బీఏ ఫైనల్స్ ఏడో గేమ్, 89-89. కర్రీ, ఇగ్వడాలా ఇద్దరూ ఒక్క స్మిత్ మీదికి వెళ్లారు. ఇగ్వడాలా లేఅప్ వేస్తే వెనకనుంచి లెబ్రాన్ వచ్చి బోర్డుకి కొట్టేశాడు.

సిమెంట్‌కోర్టు:
అది ఇద్దరు ఒకడి మీదికి. మనం మాట్లాడేది ముగ్గురు ఇద్దరి మీదికి. లెక్క సరిగ్గా చెప్పు.

టేపుకొలత:
ఎన్‌బీఏలో రింగ్ నుంచి కార్నర్ త్రీ గీత 6.7 మీటర్లు, ఆర్క్ పైన 7.24. అందుకే అక్కడ కార్నర్ అంటే అంత మోజు. మనం ఆడే ఫీబా (అంతర్జాతీయ సమాఖ్య) కోర్టులో 6.6, 6.75. తేడా 15 సెంటీమీటర్లే. పైగా కార్నర్‌లో గీతకీ సైడ్‌లైన్‌కీ మధ్య 90 సెంటీమీటర్లే చోటు.

సిమెంట్‌కోర్టు:
అదీ మాట. అయినా ఆదివారం నీవి ఎన్ని పడ్డాయి?

మూలరాజు:
పడాలంటే పాస్ రావాలి కదా! ఏడుసార్లు పరిగెత్తా. ఒక్కసారైనా తలెత్తి చూశావా?

బెంచ్‌మేట్:
ఆగండాగండి. మీరిద్దరూ ఒకే టీమా?

సిమెంట్‌కోర్టు:
అవును. జిల్లా మ్యాచ్‌లో ఒకసారి కార్నర్‌లో ఉన్నవాడికి పాస్ వేశా. పట్టుకుంటూ వాడు వెనక్కి ఒక అడుగేశాడు, విజిల్. గీత తొక్కింది వాడు, బెంచ్ మీద కూర్చుంది నేను. టోర్నీ అయ్యేదాకా నీళ్ల సీసాలు మోశా.

మూలరాజు:
ఆ కోపం నా మీద చూపిస్తావేంటన్నా? నేను ఎటు పరిగెత్తినా నీకు ఒకటేగా.

సిమెంట్‌కోర్టు:
సరే, వచ్చే ఆదివారం వేస్తా. ఒక్కటే. సైడ్‌లైన్ తొక్కావో, ఇక అడగకు.