ప్రార్థన నడిపించేటప్పుడు "మేము"నా, "మనం"నా?

గ్రూపులో పెద్దలు చెప్పండి. ఆదివారం ఆరాధనలో ప్రార్థన నడిపించేవాళ్ళు "ప్రభువా, మన పాపాలు క్షమించు, మన పిల్లల్ని కాపాడు" అంటుంటే నాకు చెవిలో గుచ్చుకున్నట్టు ఉంటుంది. తప్పేనా, నాదే చాదస్తమా?

జవాబు: చాదస్తం ఏం కాదు తమ్ముడూ. మనం అంటే వినేవాళ్ళని కూడా కలుపుకోవడం, ప్రార్థనలో వినేది దేవుడు, మరి "మన పాపాలు" అంటే ఆయన్ని కూడా మన లిస్టులో వేసేసినట్టే కదా. బైబిల్ పాత తెలుగు అనువాదం చూడు, మత్తయి 6:9లో యేసు నేర్పిన ప్రార్థన "పరలోకమందున్న మా తండ్రీ", రోమా 1:7లో పౌలు సంఘానికి రాస్తూ "మన తండ్రియైన దేవునినుండియు". గ్రీకులో రెండు చోట్లా ఒకటే మాట, ఎవరితో మాట్లాడుతున్నారో చూసుకుని తెలుగువాళ్ళు విడగొట్టారు. కీర్తనల్లోనూ అంతే, 95లో జనాన్ని పిలుస్తూ "మనలను సృజించిన యెహోవా", 90లో దేవుడితోనే "మాకు నివాసస్థలము నీవే".

ఇంకో జవాబు: అక్కా, గ్రామర్ కరెక్టే గానీ మా ఊళ్ళో మందిరంలో పెద్దమ్మలు కన్నీళ్ళతో "మన బిడ్డలు నాయనా" అంటారు, దేవుణ్ణి ఇంట్లోవాడిలా అనుకుని. దాన్ని తప్పంటే నాకు మనసొప్పదు.

జవాబు: వాళ్ళని ఎవరంటారు తమ్ముడూ, ఆ "నాయనా"లో ఉన్న చనువే వేరు. నేననేది మైకు ముందు "ప్రభువా, మనం టైముకి రావాలి, మనం సెల్‌ఫోన్లు ఆపుకోవాలి" అనేవాళ్ళ గురించి. అక్కడ కళ్ళు మూసుకునే ఉంటారు గానీ మాట జనం వైపు తిరిగిపోయింది, అది ప్రార్థన కాదు అనౌన్స్‌మెంటు. "ప్రార్థన చేసుకుందాం" అనేవరకు మనం, "తండ్రీ" అన్నాక మేము, అంతే, ఇది పట్టుకుంటే సగం ప్రార్థన దానంతటదే సర్దుకుంటుంది.

మొదట అడిగినవాణ్ణి: మరి "నేను"?

జవాబు: ఒంటరిగా చేసుకునేటప్పుడు ఎంతైనా. సంఘం తరఫున చేసేటప్పుడు మాత్రం నీ ఇల్లు, నీ అప్పు, నీ మోకాలినొప్పి చెప్పుకుంటూ పోతే మిగతావాళ్ళు దేనికి ఆమేన్ అనాలి? 1 కొరింథీ 14:16లో పౌలు అడిగేది ఆ లెక్కే, నువ్వు చెప్పేది అర్థంకానివాడు ఆమేన్ ఎలా అంటాడని. అక్కడ సంగతి వినేవాళ్ళకి తెలియని భాషల్లో ప్రార్థించడం గురించే, కానీ ఇక్కడికీ పనికొస్తుంది. ఇంకోటి, "తండ్రీ దేవా ప్రభువా స్తోత్రం" అని ప్రతి ముక్కకీ ఊపిరి తీసుకోడానికి వాడేస్తే వినేవాళ్ళకి వాక్యం ఎక్కడ ముగిసిందో తెలీదు. అందుకే చివర్లో "యేసు నామమున అడిగి వేడుకొంటున్నాము మా పరమ తండ్రీ" అని వినబడగానే వెనక బెంచీలవాళ్ళు కూడా ఒక్కసారి లేచి ఆమేన్ అంటారు, చూశావా అందులోనూ "మా"నే.