స్విచ్ బోర్డులో చప్పుడు వస్తుంటే ఇంటివాళ్లే విప్పి చూడవచ్చా?

అద్దె ఇల్లు:
సభ్యులకు నమస్కారం. రాజమహేంద్రవరంలో మేము అద్దెకుంటున్న ఇల్లు సుమారు 30 ఏళ్ల కిందట కట్టినది. స్నానాల గది గోడకు బయటివైపున ఉన్న బోర్డులో గీజరు సాకెట్టు, దాని స్విచ్చు, హాలు ఫ్యాను రెగ్యులేటరు, రెండు లైట్ల స్విచ్చులు కలిసి ఉన్నాయి. నెల రోజులుగా ఈ బోర్డు నుంచి రెండు రకాల చప్పుళ్లు వినిపిస్తున్నాయి. ఫ్యాను తిరుగుతున్నంతసేపు సన్నగా గుయ్‌మంటుంది. గీజరు వేసిన పది నిమిషాలకు నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటమంటుంది. మొదట వచ్చిన ఎలక్ట్రీషియను గీజరు స్విచ్చు మార్చి డబ్బు తీసుకుని వెళ్లాడు. పది రోజులకే చప్పుడు మళ్లీ మొదలైంది. పాత ఇళ్లలో ఇది మామూలేనని ఇంటి యజమాని అంటున్నారు. మెయిన్ ఆపేసి మనమే విప్పి స్క్రూలు బిగించుకుందామని మా బావమరిది అంటున్నాడు. ఈ పనికి ఇంటివాళ్లు పూనుకోవచ్చా, కూడదా అన్నది నా ప్రశ్న.

స్క్రూడ్రైవరు:
తప్పకుండా పూనుకోవచ్చునని నా అభిప్రాయం. ఇంట్లో కరెంటు పని ముట్టుకుంటేనే నేరమన్నట్టు చాలామంది మాట్లాడతారు గానీ, 1956 నాటి భారత విద్యుత్ నియమాలలోని 45వ నియమమే, లైసెన్సున్న కాంట్రాక్టరు చేత చేయించవలసిన పనుల నుంచి దీపాలు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చులు మార్చుకోవడాన్ని మినహాయించింది. వైరింగు సామర్థ్యమూ స్వభావమూ మారకుండా ఉండాలన్నదే దానికి షరతు. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన భద్రతా నిబంధనలలోనూ దాదాపు ఇదే వాక్యం కొనసాగింది. వదులైన స్క్రూను బిగించడం ఆ మినహాయింపు కంటే చిన్న పనే కదా. స్విచ్చు మార్చి చేతులు దులుపుకున్న మనిషినే మళ్లీ పిలవడం కంటే, మీ ఇంటి బోర్డు వెనక ఏముందో మీరే చూసుకోవడం నయం.

విశ్రాంత లైన్ ఇన్‌స్పెక్టరు:
స్క్రూడ్రైవరు గారు నియమాన్ని సరిగానే చెప్పారు. అయితే చట్టం అనుమతించినంత మాత్రాన చేతికి ప్రమాదం తప్పిపోదు. చేయవచ్చా లేదా అన్నది తేల్చే ముందు ఆ రెండు చప్పుళ్లను విడదీసి చూడాలి. చర్చలో ఎవరూ ఆ పని చేయలేదు.

గుయ్‌మనే శబ్దం చాలావరకు రెగ్యులేటరుది. మన సరఫరా సెకనుకు 50 ఆవృత్తులది. ఒక్కో ఆవృత్తిలో అయస్కాంత ఆకర్షణ రెండుసార్లు పతాకస్థాయికి చేరుతుంది కనుక తీగచుట్టలున్న ఏ వస్తువైనా సెకనుకు 100 సార్లు కంపిస్తుంది. కరెంటు అలను ముక్కలుగా కోసి వేగం తగ్గించే రకం గుండ్రటి రెగ్యులేటరుతో ఆ కంపనం ఫ్యానులోనూ బోర్డులోనూ చెవికి తెలిసేంతగా పెరుగుతుంది. దాన్ని పూర్తి వేగానికి తిప్పినప్పుడు మోత తగ్గిపోతే కారణం దొరికినట్టే. కెపాసిటర్లతో పనిచేసే మెట్ల రెగ్యులేటరు పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. చవకరకం ఇన్వర్టర్ల మీద నడిచేటప్పుడు ఫ్యాన్లు మూలగడం కూడా ఈ కోవలోనిదే. ఇది చికాకే తప్ప ప్రమాదం కాదు.

చిటపట మాత్రం వేరు. అది వదులైన అతుకు దగ్గర చిన్నచిన్న నిప్పురవ్వలు పుట్టే శబ్దం. 2 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల మీద సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. అతుకు వదులై అక్కడ అర ఓము నిరోధం ఏర్పడిందనుకుంటే, ఆ ఒక్క చోట దాదాపు 36 వాట్ల వేడి పుడుతుంది. రేడియో మరమ్మతు దుకాణంలో సీసం కరిగించే సోల్డరింగు ఐరను 25 వాట్లదే ఉంటుందని గుర్తుంచుకుంటే దాని తీవ్రత తెలుస్తుంది. వేడికి లోహం మీద పొర కట్టి నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగిన కొద్దీ వేడి మరింత ఎక్కువవుతుంది. ఇంత జరుగుతున్నా ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆపేసే స్విచ్చు) పడిపోదు, ఎందుకంటే వదులు అతుకు వల్ల కరెంటు పెరగదు, పైగా కాస్త తగ్గుతుంది. కరెంటు తెచ్చే ఫేజు తీగలో వెళ్లినదంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తూనే ఉంటుంది కాబట్టి ఆర్‌సీసీబీ (వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చినదానికీ తేడా వస్తే ఆపేసే స్విచ్చు) కూడా పసిగట్టలేదు. ‘ఏదైనా అయితే ట్రిప్ అవుతుందిలే’ అనే ధీమా ఇక్కడ పనికిరాదు. అద్దె ఇల్లు గారు, తేలేవరకు ఆ గీజరు వేయకండి. నీళ్లు గ్యాసు మీద కాచుకోవచ్చు.

స్క్రూడ్రైవరు:
ఇన్‌స్పెక్టరు గారి వివరణతో నాకు పేచీ లేదు. పైగా అది నా వాదనకే బలం. ఇంత ప్రమాదకరమైన అతుకు ఉన్నప్పుడు మెయిన్ ఆపి, టెస్టరుతో చూసుకుని, స్క్రూ బిగిస్తే సరిపోయే పనికి ఎవరో వచ్చే దాకా వారం రోజులు ఎదురుచూడడం ఎందుకు? మా పట్టణంలో పిలిస్తే వచ్చేవాళ్లలో లైసెన్సున్నవారు ఎందరో దేవుడికెరుక.

మిద్దెతోట:
మాది హనుమకొండ. ‘మెయిన్ ఆపి’ అన్న మాట దగ్గరే మా ఇంట్లో పొరపాటు జరిగింది గనుక రాస్తున్నాను. రెండేళ్ల కిందట వంటగది బోర్డులో ఇలాగే చప్పుడు వస్తుంటే, మా వారు మీటరు పక్కనున్న మెయిన్ దించి, ఫ్రిజ్ ఆగిపోయిందని నిర్ధారించుకుని బోర్డు విప్పారు. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉందన్న సంగతి ఆ క్షణంలో ఇద్దరికీ తట్టలేదు. మెయిన్ దించగానే అది కరెంటు పోయిందనుకుని, తన వంతు లైట్లకూ ఫ్యాన్లకూ సరఫరా మొదలుపెట్టింది. పట్టపగలు కావడంతో వెలుగుతున్న దీపమేదీ లేక మాకు తెలియలేదు. ఒకే బోర్డులో ఒక తీగ వీధి కరెంటుది, పక్క తీగ ఇన్వర్టర్‌ది. ఆయన వేలు రెండో దానికి తగిలింది. రబ్బరు చెప్పులు ఉండబట్టి చేయి ఝుమ్మని విసిరేసినట్టయి అంతటితో పోయింది, కానీ ఆ సాయంత్రమంతా చేయి వణుకుతూనే ఉంది. టెస్టరు చూసుకోలేదా అని మీరు అడుగుతారు. చూసుకున్నారు, అందులోని చిన్న దీపం ఎప్పుడు పాడైందో ఎవరికి తెలుసు?

విశ్రాంత లైన్ ఇన్‌స్పెక్టరు:
అమ్మా, మీరు చెప్పినది ఈ చర్చ మొత్తంలో అందరూ దాచుకోదగిన అనుభవం. టెస్టరును ముందు కరెంటున్న పాయింటులో వెలిగించి చూసి, తరువాత పని చేయవలసిన చోట పెట్టి, మళ్లీ మొదటి పాయింటులో చూడాలి; అప్పుడే అది వెలగలేదన్న మాటకు అర్థం ఉంటుంది. పాత ఇళ్లలో ఇంకొక చిక్కు కూడా ఉంది. స్విచ్చును ఫేజు తీగ మీద పెట్టవలసి ఉండగా పొరపాటున న్యూట్రల్ మీద పెట్టేసిన బోర్డులు నేను లెక్కలేనన్ని చూశాను. అలాంటి చోట స్విచ్చు ఆపితే దీపం ఆరుతుంది కానీ హోల్డరులో కరెంటు ఉంటూనే ఉంటుంది.

మరొక సంగతి. స్క్రూ బిగిస్తే సరిపోతుందన్నది సగం నిజం. నల్లబడిన రాగితీగను ఎంత బిగించినా ఆ పొర మీదే బిగించినట్టవుతుంది. కాలిన మేర కోసి, మెరిసే రాగి కనిపించే దాకా కొత్తగా ఒలిచి పెట్టాలి. అల్యూమినియం తీగ ఉన్న ఇళ్లలో అయితే అది మెత్తని లోహం కనుక స్క్రూ కింద క్రమంగా నలిగి, బిగించిన కొన్నాళ్లకే మళ్లీ వదులవుతుంది.

స్క్రూడ్రైవరు:
ఇన్వర్టర్ సంగతి నాకు తట్టలేదని ఒప్పుకుంటున్నాను. మా ఇంట్లో అది లేదు, బహుశా అందుకే ఇన్నాళ్లూ నాకు ధైర్యం. అది ఉన్న ఇళ్లవారిని విప్పమని ఇకమీదట చెప్పను. అయితే ఎలక్ట్రీషియనును పిలిచినంతనే సమస్య తీరుతుందన్న మాటను మాత్రం ఇప్పటికీ అంగీకరించను. అద్దె ఇల్లు గారి బోర్డు విప్పిన మనిషి చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో వెతకకుండా చేతికందిన స్విచ్చు మార్చాడు. విప్పకపోయినా పక్కన నిలబడి చూడండి, కాలిన తీగ ముక్కను చూపించమని అడగండి, కాలినది దొరకలేదంటే పని పూర్తికాలేదని చెప్పండి.

అద్దె ఇల్లు:
అందరికీ కృతజ్ఞతలు. మేమూ ఇన్వర్టర్ ఉన్నవాళ్లమే కావడంతో బావమరిది ఉత్సాహానికి అక్కడితో తెరపడింది. గీజరు ఆపేసి, తెలిసినవారి ద్వారా వేరొక ఎలక్ట్రీషియనును పిలిపించాము. అతను మెయిన్ దించి, ఇన్వర్టర్‌ను విడిగా ఆపి, రెండు తీగల్లోనూ కరెంటు లేదని చూసుకున్న తరువాతే బోర్డు విప్పాడు. స్విచ్చులో అసలు లోపమే లేదు. గీజరు సాకెట్టు న్యూట్రల్ రంధ్రంలో మూడు తీగలు కుక్కి ఉన్నాయి. అవి పట్టడం కోసం లావు తీగలోని రాగి పోగుల్లో సగం ఎప్పుడో కత్తిరించేశారు. మిగిలిన పోగుల మీదుగానే ఇన్నాళ్లూ గీజరు నడిచింది. తీగ పైతొడుగు రెండంగుళాల మేర గోధుమరంగుకు తిరిగి, గోటితో గీస్తే పెళుసుగా రాలిపోయింది. అతను ఆ భాగం కోసి, 16 ఆంపియర్ల కొత్త సాకెట్టు పెట్టి, మిగతా రెండు తీగలను వేరే కనెక్టరులోకి మార్చాడు. తరువాత అరగంట గీజరు నడిపి, ఆపి, ప్లగ్గు పిన్నులను నన్నే ముట్టుకుని చూడమన్నాడు. గోరువెచ్చగా కూడా లేవు.

కాలిన తీగ ముక్కను ఇంటి యజమానికి చూపించాను. సాకెట్టు ఖరీదు అద్దెలో తగ్గించుకోమన్నారు, కూలి సంగతి ఎత్తలేదు. రెగ్యులేటరు మాత్రం ఇంకా గుయ్‌మంటూనే ఉంది. పూర్తి వేగంలో పెడితే మోత ఆగుతోంది గానీ, ఆ గాలికి మా అమ్మకు చలి వేస్తోంది కనుక, వచ్చే నెల మెట్ల రెగ్యులేటరు కొనే దాకా ఆ మోతతోనే నిద్రపోతాము.